పాలమూరు నుండి కొలంబోకు

దక్షిణ తెలంగాణపు మెట్టభూములలో నివసించు మనకు సముద్రమే దూరము. సముద్రమున కావలనున్న సింహళద్వీపము, అనగా నేటి శ్రీలంక, మరింత దూరమని తలంతుము. ఆ దూరమెంతయో ఒకమారు కొలిచి చూతము.

మీ పాఠశాలలోని దేశపటమును బల్లపై పరచి, శంషాబాదు విమానాశ్రయము నుండి కొలంబో వరకు రూలుకర్రతో నొక గీటు గీయుడు. అది కల్వకుర్తి ప్రక్కగా, అచ్చంపేటకు కొంచెము పడమరగా పోయి, నల్లమల అడవులలో కృష్ణానదిని దాటును. పిదప కడప, వేలూరు ప్రాంతములను గడచి, తమిళదేశపు తీరమును వదలి, రామసేతువు మీదుగా శ్రీలంకను చేరును. దాని పొడవు సుమారు 1,120 కిలోమీటర్లు, అనగా 700 మైళ్లు. మన దేశ రాజధానియైన ఢిల్లీ మనకు ఇంతకంటె దూరము!

జెట్టు విమానము గంటకు 800 కిలోమీటర్లు పోవుననుకొన్నచో, ఈ దూరమునకు గంట 24 నిమిషములు చాలవలెను. కాని విమానముల వేళలపట్టికలో దాదాపు రెండు గంటలు కనబడును. మన లెక్క తప్పినదా? తప్పలేదు. విమానము రన్‌వేను చేరుటకు, పైకెక్కుటకు, వేగము తగ్గించుకొని దిగుటకు సమయము కావలెను. అదియుగాక, నిర్ణయింపబడిన మార్గములలోనే పోవలెను గనుక, అది మన గీటుమీదనే పోదు.

ఆ రెండు గంటలను మాత్రమే నమ్ముకొని ఇల్లు వెడలినవాడు విమానమును అందుకొనజాలడు. మహబూబ్‌నగరు నుండి జడ్చర్ల, షాద్‌నగరుల మీదుగా విమానాశ్రయమునకు 80 కిలోమీటర్లకు పైగా కలదు. బస్సులో రెండు గంటలు. నల్లగొండవారికి ఇంకను ఎక్కువ. విదేశయానము గనుక మూడు గంటలు ముందుగా రమ్మందురు. పాస్‌పోర్టు, వీసా, సామానుల తనిఖీలు జరుగవలెను. కటునాయకలో దిగినపిదప మరల తనిఖీ. అచ్చటి నుండి కొలంబో నగరమునకు 30 కిలోమీటర్లు. వెరసి ఎనిమిది తొమ్మిది గంటల ప్రయాణములో ఆకాశమున గడచునవి రెండే. గడియారము మాత్రము మార్చుకొన నక్కరలేదు. 2006 ఏప్రిల్ నుండి శ్రీలంక కాలమానము మన కాలమానముతో సమానము. కాఠ్మాండూకు పోవువాడు ముల్లును పావుగంట ముందుకు త్రిప్పుకొనవలెను.

విమానములు లేని కాలముననే ఈ దూరమును దాటినవారు కలరు. నల్లగొండ జిల్లా సరిహద్దున, కృష్ణకు ఆవలి యొడ్డున, నాగార్జునకొండ లోయలో క్రీ.శ. 3వ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి యుండెను. అచ్చట బోధిశ్రీ యను ఉపాసిక తామ్రపర్ణి ఆచార్యుల కొరకు చైత్యగృహమును కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది. తామ్రపర్ణి యనగా సింహళమే. ఆ శాసనమున సింహళవిహారము పేరు కూడ కలదు.

దినమునకు 30 కిలోమీటర్లు నడచినను 1,120 కిలోమీటర్లకు 37 దినములు పట్టును; నడుమ సముద్రమున్నది. తెరచాప ఓడకు గాలియే ఆధారము. నైరృతి గాలి ఓడను ఉత్తరమునకు తెచ్చును, ఈశాన్యపు గాలి దక్షిణమునకు కొనిపోవును. ఒకటి తప్పినచో రెండవదానికై నెలలు వేచియుండవలెను. వచ్చిన భిక్షువు వెంటనే మరలిపోజాలడు. అట్టివానికి తలదాచుకొన విహారము ఎంత అవసరమో బోధిశ్రీ ఎరిగియుండును.

ఆ లోయ నేడు నాగార్జునసాగర జలాశయము క్రింద నున్నది. తవ్వకములలో దొరకిన శిల్పములు, శాసనములు పెక్కు ఇప్పుడు ద్వీపముగా మారిన కొండమీది మ్యూజియములో కలవు. ఒడ్డునుండి అచ్చటికి లాంచిలో దాదాపు గంటసేపు పట్టును.