సగటు వర్షపాతము – సేద్యము

భారతదేశమున సగటు వార్షిక వర్షపాతము సుమారు 116 సెంటీమీటర్లు. అందు నాల్గింట మూడు పాళ్లు జూను మొదలు సెప్టెంబరు వఱకు నైరృతి ఋతుపవనముల వలననే లభించును. తరగతిలో మేము ఈ అంకెను వల్లె వేయించుచున్నాము. కాని సేద్యమునకు సగటు ఒక్కటే చాలదు. మన కర్ణాటకముననే చూడుడు: పడమటి కనుమలలోని ఆగుంబెలో ఏటా సుమారు 700 సెంటీమీటర్ల వాన కురియగా, కనుమల చాటున నున్న బళ్లారిలో సుమారు 50 మాత్రమే. ఆ ఏబదియు అదనున పడిననే జొన్న పండును. విత్తిన పిదప మూడు వారములు మొగము చాటుచేసి, కోతల వేళ కుండపోతగా కురిసినచో లెక్కకు సగటు సరిపోవును గాని గాదె నిండదు. కనుమలపై కురిసిన నీరే తుంగభద్రయై పాఱి, 1953లో హొసపేట వద్ద పూర్తియైన ఆనకట్టలో నిలిచి, కాలువల వెంట బళ్లారి పొలములకు వచ్చుచున్నది. కాలువ యెక్కని మెట్టపొలములవారు మాత్రము నేటికిని మబ్బువైపే చూచుచున్నారు.