పటం ఎవరి చేతికి ఇస్తావు?

చిరంజీవి అమ్మడికి,

వసంత్ కుంజ్‌లోని టెరి స్కూల్లో పట్టణాభివృద్ధి చదువుతూ, సెమిస్టర్ ప్రాజెక్టుకు క్లయింటుగా ఎవరిని తీసుకోమంటారని అడిగావు.

వసంత్ కుంజ్‌లో తేలిగ్గా దొరికే క్లయింటు ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ (డీడీఏ) ఫ్లాట్ల వెల్ఫేర్ అసోసియేషన్. వాళ్లకో ఆఫీసు గది ఉంటుంది, లెటర్‌హెడ్ ఉంటుంది, ఫోన్ ఎత్తే సెక్రటరీ ఉంటాడు. వాళ్ల పార్కింగ్ గొడవలు, నీళ్ల కొరత అబద్ధమేమీ కాదు. కానీ ఆ ఫ్లాట్లలో అంట్లు తోమేవాళ్లు, కార్లు తుడిచేవాళ్లు చాలామంది ఉండేది పక్కనే రిడ్జ్ మీదున్న రంగ్‌పురి పహాడి బస్తీలో. నేనైతే వాళ్లనే క్లయింటుగా తీసుకోమంటాను. అక్కడ నీళ్లంటే ట్యాంకరే. అది రాగానే రబ్బరు పైపులు దాని పైకి విసురుతారు, వరసలో పెట్టిన డ్రమ్ములన్నీ ఒక్కసారి కదులుతాయి. ఆ సమయంలో ప్రశ్నల కాగితం పట్టుకుని వెళ్లిన విద్యార్థికి ఎవరూ జవాబివ్వరు, ఇవ్వనక్కర్లేదు కూడా. పక్కన నిలబడి చూడాలి: పైపు పట్టేది ఎవరు, పని మానుకుని కాచుకున్నది ఎవరు, చివరి ఇంటికి డబ్బాలు మోసేది ఎవరు.

ఇలా బస్తీవాళ్లతో కలిసి చేసిన పనికి ఉదాహరణగా, ఢిల్లీ పశ్చిమపు అంచున ఉన్న సావ్దా ఘేవ్రా కథ నువ్వు తప్పక తెలుసుకోవాలి. 2006 నుంచి నగరంలోని బస్తీలను ఖాళీ చేయించి జనాన్ని అక్కడికి తరలించారు. ఒక్కో కుటుంబానికి ఇచ్చింది 12.5 లేదా 18 చదరపు మీటర్ల జాగా. అప్పటికి మురుగు లైను లేదు. లండన్ మెట్రోపాలిటన్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థిని జూలియా కింగ్, ఢిల్లీలోని క్యూర్ సంస్థతో కలిసి అక్కడ పనిచేసింది. అంత చిన్న జాగాలో ఇంటికో సెప్టిక్ ట్యాంకు కుదరదు గనుక, సన్నటి పైపులతో ఇళ్లన్నిటినీ ఒక ఉమ్మడి ట్యాంకుకు కలిపే పద్ధతి తీసుకొచ్చారు. ఇలాంటి చోట పైపు గుమ్మం దాకానే వస్తుంది. లోపల మరుగుదొడ్డి మెట్ల కింద పట్టిస్తారా, వంట మూల తగ్గిస్తారా అన్నది ఆ ఇంటి ఆడవాళ్లతో కూర్చుంటే తప్ప తేలదు. తరగతి గదిలో గీసిన ప్లానుకు ఆ సంగతి అందదు.

ఆగ్రాలో తాజ్‌మహల్‌కు యమున అవతలి ఒడ్డున ఉన్న కచ్‌పురాలోనూ అదే యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ విద్యార్థులు క్యూర్‌తో కలిసి మరుగుదొడ్లు కట్టారు. డ్రాయింగుతో ఆగలేదు. కట్టడం మొదలుపెడితే ఇటుక ధర, మేస్త్రీ కూలి, ఇంటివాళ్ల అప్పు ఎలా తీరుతుందన్న లెక్క అన్నీ విద్యార్థి తల మీద పడతాయి. నాకు ఈ చదువే అసలైన చదువనిపిస్తుంది.

అన్ని ప్రాజెక్టులూ ఇటుకా సిమెంటే కానక్కర్లేదు. 2021 జూన్‌లో ఢిల్లీ 2041 మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు, ‘మై భీ దిల్లీ’ అనే ప్రచారోద్యమపు బృందాలు ఇళ్లలో పనిచేసేవాళ్లకు, వీధి వ్యాపారులకు అందులో ఏముందో వివరించి అభ్యంతరాలు రాయించాయి. ఇలాంటి పని మీ క్లాసూ చేయగలదు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. రిడ్జ్ మీది బస్తీలో ఇంటింటి పటం గీస్తే అది వాళ్లు ఎప్పటినుంచో అక్కడున్నారనడానికి రుజువు కావచ్చు, కూల్చడానికి వచ్చినవాళ్లకు దారి చూపించనూ వచ్చు. ఆ పటం ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో బస్తీవాళ్లే చెప్పాలి. మొదటి వారంలోనే కూర్చుని అది కాగితం మీద హిందీలో రాసుకోండి. పని పూర్తయ్యాక మొదటి కాపీ వాళ్లకే ఇవ్వండి, ఇంగ్లీషు రిపోర్టు కాలేజీకి.

క్లయింటును ఖాయం చేసుకునే ముందు మీ గైడును ఒకటి అడుగు: వచ్చే ఏడాది బ్యాచ్ కూడా ఇదే బస్తీకి వెళ్తుందా? వెళ్లదంటే, ఒక సెమిస్టర్లో ముగిసే పనికే మాటివ్వు.

ఇట్లు,
పెదనాన్న