పెట్రోలు కార్ల గొడవలో నేను నేర్చుకున్నవి

కాలిఫోర్నియాలో కొత్త పెట్రోలు కార్ల అమ్మకం ఆపాలా వద్దా అన్న వాదన ఇప్పుడు మనవాళ్ళ శనివారం భోజనాల దాకా వచ్చింది. ఈమధ్యే ఇక్కడికి వచ్చిన పిల్లలు "మీరేమంటారు అంకుల్?" అని అడుగుతుంటారు. ఎనభైల నుంచి ఇక్కడ ఉంటున్నవాడిగా వాళ్ళ కోసం రాస్తున్నాను.

1. ముందు రూలు చదవండి

2035కల్లా కొత్త పెట్రోలు కార్ల అమ్మకం ఆపాలని 2020 సెప్టెంబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ ఆదేశం ఇచ్చారు. 2022 ఆగస్టులో రాష్ట్రంలో గాలి నాణ్యత చూసే బోర్డు, అందరూ కార్బ్ అనేది, దాన్ని నిబంధనగా రాసింది. కంపెనీలు అమ్మే కొత్త కార్లలో పొగ వదలనివి 2026 మోడళ్ళలో 35 శాతం, 2030కి 68 శాతం, 2035కి నూరు శాతం ఉండాలని అది చెప్పింది. అందులో ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లకు 20 శాతం దాకా చోటిచ్చింది. మీ ఇంటి ముందున్న కామ్రీ కారును ఎవరూ పట్టుకుపోరు. పాత పెట్రోలు కార్లు కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు, నడుపుకోవచ్చు. "మన బండ్లు లాక్కుంటారట" అనేవాళ్ళకు ముందు ఈ మాట చెప్పండి.

2. గాలి ఏ పార్టీదీ కాదు

నేను మొదట కాపురం పెట్టింది పాసడీనా దగ్గర. శాన్ గాబ్రియెల్ కొండలు ఊరి వెనకే ఉన్నా వేసవిలో చాలా రోజులు కనిపించేవి కావు. కళ్ళు మండేవి. బడిలో పిల్లల్ని ఆటలకు బయటికి పంపని రోజులుండేవి. కొండల్ని కప్పేసిన ఆ పొగమంచుకు, అంటే స్మాగ్‌కు, మూలం బండ్ల పొగ, ఎండ కలవడమేనని అక్కడి కాల్‌టెక్‌లోనే 1950 ప్రాంతంలో ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చారు. 1967లో కార్బ్ ఏర్పాటు చట్టం మీద సంతకం పెట్టిన గవర్నర్ రిపబ్లికన్ రొనాల్డ్ రీగన్. బోర్డుకు తొలి అధ్యక్షుడు ఆ హాగెన్-స్మిట్టే.

ఇప్పుడు ఆ కొండలు చాలా రోజులు స్పష్టంగా కనిపిస్తాయి. కెటలిటిక్ కన్వర్టర్లు, సీసం లేని పెట్రోలు, స్మాగ్ చెక్‌లు వచ్చాక జరిగిన మార్పు అది. కఠినమైన ప్రమాణాలు పెట్టినప్పుడల్లా సాధ్యం కాదని కార్ల కంపెనీలు మొత్తుకున్నాయి. తర్వాత చేసి చూపించాయి. అయినా లాస్ ఏంజిలిస్ గాలి ఇప్పటికీ కేంద్ర ఓజోన్ ప్రమాణాన్ని అందుకోలేదు. ఫ్రీవేల పక్కన, రేవుల పక్కన ఉండే పేద కుటుంబాలు ఆ గాలినే పీలుస్తున్నాయి. నేను ఈ రూలు వైపు నిలబడటానికి కారణం అదే.

3. ఇంకొకరి అనుమతి మీద నిలబడ్డ చట్టం ఎప్పుడైనా కూలొచ్చు

సొంత ప్రమాణాలు పెట్టుకోవాలంటే కాలిఫోర్నియా కేంద్రం దగ్గర మినహాయింపు తెచ్చుకోవాలి. ఈ రూలుకు 2024 డిసెంబరులో అది దొరికింది. 2025 మే నెలలో దాన్ని కాంగ్రెస్ కొట్టేసింది. కేంద్ర సంస్థల నిబంధనలను కొట్టేసే పద్ధతి ఈ మినహాయింపుకు కుదరదని సెనేట్ నియమాలు చెప్పే అధికారి, పార్లమెంటేరియన్, అన్నా సెనేట్‌లో 51-44 ఓట్లతో నెగ్గించుకున్నారు. జూన్ 12న ట్రంప్ సంతకం పెట్టారు, ఆ రోజే రాష్ట్రం కోర్టుకెక్కింది. రూలు నచ్చకపోతే వాదించే హక్కు ఎవరికైనా ఉంది. యాభై ఏళ్ళకు పైగా ఉన్న అధికారాన్ని ఇలా తుడిచేయడం మాత్రం నన్ను బాధపెట్టింది.

ఒకటి గమనించండి. మిషిగన్ సెనేటర్ ఎలిసా స్లాట్కిన్ డెమొక్రాటే అయినా కొట్టేయమని ఓటేశారు. కార్ల ఫ్యాక్టరీ జీతాల మీద బతికే ఊళ్ళ భయం అది. దాన్ని తీసిపారేయకండి.

4. ప్లగ్గు ఎక్కడుందో అడగండి

సొంతిల్లు, గరాజ్ ఉన్నవాళ్ళు 240 వోల్టుల ఛార్జర్ పెట్టించుకుని రాత్రి చవక రేటుకు ఎక్కించుకుంటారు. ఫ్రీమాంట్, సన్నీవేల్ అపార్ట్‌మెంట్లలో ఉండే మన పిల్లలకు ఆ వీలేది? బయట ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర వరుసలో నిలబడి బాగా ఎక్కువ కడతారు. ఫ్రెస్నో వైపు పొలాల్లో పనిచేసే కుటుంబం సంగతి ఇంకా కష్టం. కొత్త ఎలక్ట్రిక్ కారు మీద కేంద్రం ఇచ్చే 7,500 డాలర్ల రాయితీ కూడా 2025 సెప్టెంబరు 30తో ముగిసింది.

కరెంటు చాలదని కొందరంటారు. రూలు వచ్చిన కొద్ది రోజులకే, 2022 సెప్టెంబరు వడగాడ్పుల్లో, సాయంత్రం 4 నుంచి 9 దాకా కార్లు ఛార్జ్ చేయకండని గ్రిడ్ వాళ్ళు కోరిన మాట నిజం. ఆ వారం రాష్ట్రవ్యాప్త కోతలు లేకుండా గడిచిందన్నదీ నిజమే. చాలా కార్లను అర్ధరాత్రి దాటాక ఛార్జ్ చేసుకోవచ్చు కాబట్టి నాకు గ్రిడ్ కన్నా అద్దె ఇళ్ళ బెంగే ఎక్కువ. కార్లకు గడువు పెట్టే ముందు అపార్ట్‌మెంట్ల ఛార్జర్లకు గడువు పెట్టాల్సింది.

5. నార్వే నిషేధించలేదు

నార్వే పెట్రోలు కార్ల మీద భారీ పన్ను వేసి, ఎలక్ట్రిక్ వాటిని ఏళ్ళ తరబడి ఆ పన్నుల నుంచి వదిలేసింది. 2024లో అక్కడ అమ్మిన ప్రతి పది కొత్త కార్లలో దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్‌వే. చమురు అమ్మిన డబ్బు, జలవిద్యుత్తు ఉన్న చిన్న దేశం అది, నిజమే. అయినా ధర తేడా చేసే పని నిషేధం కన్నా నమ్మకంగా సాగుతుందని అక్కడ చూశాం.

6. రాతపూర్వకంగా అడగండి

అద్దెకున్నవాళ్ళు సొంత ఖర్చుతో ఛార్జర్ పెట్టించుకుంటామంటే యజమాని ఒప్పుకోవాలని, కొన్ని మినహాయింపులతో, 2015 నుంచి ఇక్కడ చట్టం ఉంది. మన పిల్లల్లో చాలామందికి తెలియదు. మేనేజరుకు కాగితం మీద రాసి ఇవ్వండి. రెండేళ్ళలో ఖాళీ చేసే ఇంటి గోడకు వేల డాలర్లు ఎవరు పెడతారన్నది న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్నను మీ సిటీ కౌన్సిల్ సమావేశానికి వెళ్ళి మైకు ముందు అడగండి. పౌరసత్వం లేకపోయినా అక్కడ మాట్లాడొచ్చు.