ప్రయాణంలో నమాజు: సందేహాలు - సమాధానాలు

(మన తెలుగు ప్రాంతాల్లో ఎక్కువమంది హనఫీ మజ్‌హబ్‌ను పాటిస్తారు కనుక జవాబులు ఆ ప్రకారమే ఇస్తున్నాను.)

ప్రశ్న: వ్యాపారం పనిమీద హైదరాబాద్ వెళ్ళి రెండు మూడు రోజులు ఉండి వస్తుంటాను. ప్రయాణంలో నమాజు తగ్గించాలని ఈమధ్యే తెలిసింది. ఇన్నేళ్ళూ నాలుగు రకాతులే చదివాను. అవన్నీ పోయినట్టేనా? నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరుడు, నెల్లూరు

జవాబు: నిశ్చింతగా నిద్రపోండి సోదరా, అవి ఎక్కడికీ పోలేదు. రెండో రకాతు తర్వాత అత్తహియాతుకు మీరు ఎలాగూ కూర్చునే ఉంటారు. అక్కడికి మీ ఫర్జ్ నెరవేరింది, మిగతా రెండూ నఫిల్ అయ్యాయి. ఇమామ్ స్థానికుడైతే ఆయన వెనక నాలుగూ చదవడమే సరైన పద్ధతి కూడా. ఇకనుంచి ఒంటరిగా చదివేటప్పుడు జుహర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులు చదవండి (దీన్నే ఖస్ర్ అంటారు). తెలిసీ నాలుగు చదవడం మాత్రం తప్పు. శత్రువుల భయం తొలగిపోయాక కూడా ఈ తగ్గింపు ఎందుకని హజ్రత్ ఉమర్ (రజి) అడిగితే, ఇది అల్లాహ్ మీకిచ్చిన దానం, స్వీకరించండి అని ప్రవక్త (స) చెప్పారు.

ప్రశ్న: రోజూ గుంటూరు నుంచి విజయవాడకు ఉద్యోగానికి వెళ్తాను. నేను ముసాఫిర్‌నేనా?
– గుంటూరు పాఠకుడు

జవాబు: కాదు బాబూ. సుమారు 78 కిలోమీటర్లకు (48 మైళ్ళు) తగ్గని ప్రయాణానికి బయలుదేరి, ఊరి పొలిమేర దాటాకే ముసాఫిర్ అవుతారు. మీ దూరం అందులో సగం కూడా లేదు, పూర్తిగానే చదవండి.

ప్రశ్న: పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో స్థిరపడ్డాను. పది రోజులకని కడపలో పుట్టింటికి వెళ్ళి ఖస్ర్ చదివితే, ‘పుట్టింట్లో నువ్వు పరాయిదానివా?’ అని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తప్పు చేశానా?
– ఒక సోదరి

జవాబు: లేదు చెల్లెమ్మా, మీరు చదివిందే సరి. ఇప్పుడు మీ సొంత ఊరు మీరు కాపురం ఉంటున్నదే. పుట్టింట్లో 15 రోజులకు తగ్గకుండా ఉండాలనే నియ్యత్‌తో వెళ్తే అక్కడా పూర్తిగా చదవాలి. ఇది నమాజు లెక్కే తప్ప బంధుత్వం లెక్క కాదని అమ్మగారికి మెల్లగా చెప్పండి. ఈసారి సెలవులకు మరో వారం ఎక్కువ ఉండేలా వెళ్తే ఆమె బాధా తీరుతుంది!

ప్రశ్న: రైల్లో చదువుతుండగా బండి మలుపు తిరిగి ఖిబ్లా మారిపోతుందేమోనని గుండె దడ. పైగా మరుగుదొడ్డి పక్కన కుళాయి నీళ్ళతో వుజూ చేస్తాను. అది చెల్లుతుందా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: కుళాయిలో నీరు శుభ్రంగా ఉంటే వుజూకు ఏ లోటూ లేదు. నీళ్ళుండగా తయమ్ముమ్ చేయడమే చెల్లదు. ఫోన్‌లో దిక్కు చూసుకుని ఖిబ్లావైపు నిలబడి మొదలుపెట్టండి. మన ప్రాంతానికి ఖిబ్లా పడమర, కాస్త వాయవ్యానికి. బండి తిరిగిందని తెలిస్తే నమాజులోనే మీరూ అటు తిరగండి, తెలియకపోతే మీ మీద దోషం లేదు. పడిపోతామనిపిస్తే బెర్తు పట్టుకుని నిలబడండి. జనం కిక్కిరిసి అసలు నిలబడే చోటే లేకపోతే కూర్చుని చదివి, దిగాక మళ్ళీ చదువుకోండి.

ప్రశ్న: బస్సు ఆపలేదు, అస్ర్ తప్పిపోయింది. ఇంటికొచ్చాక ఎన్ని రకాతులు చదవాలి? విత్ర్ కూడా వదిలేయొచ్చా?
– కర్నూలు పాఠకురాలు

జవాబు: కంగారు పడకండమ్మా, ప్రయాణంలో తప్పినదానికి ఇంట్లోనూ రెండు రకాతుల ఖజాయే. ఇంట్లో తప్పినది దారిలో చదివితే మాత్రం నాలుగు. బస్సు ఆగనందుకు కాదు, ఇంటికెళ్ళి చూద్దాంలే అని ప్రతిసారీ వాయిదా వేయడం అలవాటైతే అప్పుడు భయపడండి. విత్ర్ వదలకూడదు, ఫజ్ర్ సున్నతులూ వదలొద్దు. ఫజ్ర్ రెండు, మగ్రిబ్ మూడు రకాతులు ఎంత దూరం వెళ్ళినా తగ్గవు.