తెలిసిన ఒక్క మాట చాలు

చదువవలసిన వాక్యభాగము: యోహాను సువార్త 9వ అధ్యాయము



"మేమేం చెప్పగలమండీ? పెద్ద చదువు లేదు, బైబిలు అంతగా రాదు. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే నోరు పెగలదు." మన సంఘాలలో ఈ మాట తరచుగా వింటూ ఉంటాం. ఆసుపత్రిలో ఇంకో భయం కూడా తోడవుతుంది. మనం ప్రార్థన చేసిన రోగికి నయం కాకపోతే మన సాక్ష్యం ఏమవుతుంది? ఈ సందేహాలతోనే మనలో అనేకులం మౌనంగా ఉండిపోతాం.

పుట్టు గ్రుడ్డివాని సాక్ష్యము

యేసు చూపునిచ్చిన ఈ మనిషి భిక్షమెత్తుకొని బ్రతికినవాడు. ఇరుగుపొరుగువారు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాడు: కళ్లకు బురద పూయడం, సిలోయము కోనేటిలో కడుక్కోవడం, చూపు రావడం. ఆయన ఎక్కడున్నాడని అడిగితే తెలియదన్నాడు. పరిసయ్యులు గద్దించినప్పుడు కూడా తనకు తెలియని సంగతిని తెలియదనే ఒప్పుకున్నాడు. తెలిసినది ఒక్కటే: మునుపు చూపు లేదు, ఇప్పుడు ఉంది. ఆ ఒక్కటి మాత్రం వదులుకోలేదు. సమాజమందిరం నుండి వెలివేస్తారని అతని తల్లిదండ్రులు భయపడి తప్పుకున్నారు. అతడు తప్పుకోలేదు, వెలివేయబడ్డాడు. అప్పుడు యేసే అతనిని వెదకి కనుగొన్నాడు.

ఇంకొకటి గమనించండి. మొదట అతడు యేసును ఒక మనుష్యుడన్నాడు, తరువాత ప్రవక్త అన్నాడు, చివరకు ప్రభువని మ్రొక్కాడు. అంతా తెలిసిన తరువాత చెప్పడం మొదలుపెట్టలేదు. చెబుతూ ఉండగానే అతని విశ్వాసం బలపడింది.

మోషేకు దొరికిన తోడు

మోషే కూడా తాను మాటకారిని కానని వెనుకాడాడు (నిర్గమకాండము 4). దేవుడు అహరోనును అతనికి తోడుగా ఇచ్చాడు. ఒంటరిగా వెళ్లడానికి జంకు ఉంటే ఇద్దరు కలిసి వెళ్లవచ్చు.

మన తెలుగు నేలపై

ఒంగోలు ప్రాంతంలో తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్యగారు 1866లో బాప్తిస్మం పొందారు. తరువాత తన ఊరికి వెళ్లి, తాను నమ్మినదానిని తన వారికి చెప్పారు. 1867లో మిషనరీ జాన్ క్లౌ దొరగారు అక్కడికి వెళ్లేసరికి పలువురు బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. వారి దగ్గరకు ముందుగా చేరినది దొరగారి ప్రసంగం కాదు, తమ మనిషి మాట.

రోగి మంచం దగ్గర

1. మొదట వినండి. నొప్పితో ఉన్నవారికి ఉపదేశం కంటే ఓపికగా వినే మనిషి అవసరం.

2. "మీ కోసం ప్రార్థన చేయమంటారా?" అని అడగండి. వద్దంటే ఊరుకోండి. నీరసంగా ఉన్న రోగి మొహమాటానికి తల ఊపవచ్చు, అది కనిపెట్టండి. వారి జవాబు ఏదైనా మన ఆప్యాయత తగ్గకూడదు.

3. మీ జీవితంలో ప్రభువు చేసినదానిని రెండు నిమిషాలలో చెప్పండి. కలిపి చెప్పవద్దు.

4. తెలియని ప్రశ్నకు "తెలియదు, పాస్టరుగారిని అడిగి చెబుతాం" అనండి. అందులో సిగ్గు లేదు.

5. తప్పక నయమవుతుందని మాట ఇవ్వవద్దు. స్వస్థత దేవుని చేతిలోనిది. ప్రార్థన చేశాం గనుక మందులు మానమని ఎన్నడూ చెప్పవద్దు. టి.బి. మందులు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని టి.బి.గా కూడా మారవచ్చు.

మన భయంలో చాలా భాగం మనది కాని భారాన్ని మోయడం వల్ల కలిగేదే. ఒప్పించడం, స్వస్థపరచడం, హృదయాన్ని మార్చడం మన పని కాదు. చూచినది చెప్పడమే సాక్షి పని.

ఆలోచించండి

1. ప్రభువు విషయమై "ఇది నాకు తెలుసు" అని మీరు నిశ్చయంగా చెప్పగల ఒక్క సంగతి ఏది?
2. ఈ వారం మీరు ఎవరి మాట ఓపికగా వినగలరు?

ప్రార్థన: ప్రభువా, మా కొద్దిపాటి మాటలను నీవు వాడుకొనుము. తెలిసినది చెప్పే ధైర్యమును, తెలియనిది ఒప్పుకొనే వినయమును మాకు దయచేయుము. ఆమేన్.