రాజపాళయం: తెలుపుకి కట్టే ఖరీదు

రాజపాళయం అంటే తమిళనాడు వేటకుక్క. విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల కింద ఉన్న ఊరి పేరే దీని పేరు. ఆ ఊళ్లో తెలుగు మాట్లాడే రాజులు తరతరాలుగా ఉంటున్నారు. మనవైపు నుంచి వలస వెళ్లినవాళ్లు. ఈ జాతిని పెంచి నిలబెట్టింది వాళ్లేనంటారు. దీని పని అడవిపందుల వేట, తర్వాత పొలం కాపలా. 2005లో తపాలా శాఖ స్టాంపు కూడా వేసింది.

అసలు గొడవ రంగుతోనే. పాలలాంటి తెలుపు, గులాబీ ముక్కు ఉంటేనే గిరాకీ. కానీ ఒంటికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు లోపలి చెవిలోనూ ఉండాలి. అక్కడ అవి లేకపోతే, పుట్టిన కొన్ని వారాల్లోనే శబ్దాన్ని పట్టే కణాలు చచ్చిపోతాయి. ఈ జాతిలో చెవుడు అందుకే ఎక్కువ. మనం ఫీచర్ అనుకున్నదాంతోనే బగ్ వచ్చిందన్నమాట! ఉన్న కొద్ది కుక్కల్లోనే తెల్లవాటికి తెల్లవాటిని జతకడితే ఇది ఇంకా ముదురుతుంది. పిలిస్తే పలకని కుక్కని పొగరుబోతు అనేస్తారు, పాపం.

పిల్లని తెచ్చుకునేవాళ్లు అది నిద్రపోతున్నప్పుడు, కంటికి కనపడకుండా తాళాలు గలగలలాడించి చూడండి. నేల అదరకూడదు, గాలి తగలకూడదు. ఒక్క చెవే పోతే మాత్రం ఇలా దొరకదు, దానికి వెటర్నరీ ఆసుపత్రిలో పరీక్ష చేయించాలి.