పెరట్లో దొరికినది ఎవరిది?

కొబ్బరి మొక్క నాటడానికి మీరు పెరట్లో గొయ్యి తీయిస్తున్నారనుకోండి. మోకాలి లోతుకు వెళ్లేసరికి గునపం ఠంగుమంది. మట్టి తోసి చూస్తే పగిలిన కుండ మూతి, పచ్చగా చిలుము పట్టిన నాలుగు నాణేలు. అప్పుడు మన నోట వచ్చే మొదటి మాట ఏది? "ఎవరికీ చెప్పకండి" అనే కదా! ఆ మాట సబబేనా అని ఈ వారం ఆలోచిద్దాం.

కొందరు వెంటనే మత్తయి సువార్త 13వ అధ్యాయం 44వ వచనం చూపిస్తారు. పొలంలో ధనం కనబడినవాడు దాన్ని మళ్లీ కప్పిపెట్టి, తనకున్నదంతా అమ్మి ఆ పొలం కొన్నాడు, ప్రభువు అతణ్ణి తప్పు పట్టలేదు గదా అంటారు. ఈ వాదన తేలికగా కొట్టివేయదగినది కాదు. ప్రభువు కాలంలో ధనాన్ని నేలలో దాచడం మామూలు సంగతి. యుద్ధ భయంతో యూదులు భూమిలో దాచిన వెండి బంగారాలు, క్రీ.శ. 70లో యెరూషలేము పతనమైన తర్వాత శిథిలాల కింద బయటపడ్డాయని యోసేపుసు అనే చరిత్రకారుడు రాశాడు. మన దేశంలోనూ అంతే. 1816లో పిండారీలు గుంటూరు సీమ మీద పడినట్టి రోజుల్లో, ఇల్లు విడిచి పారిపోయేవాడు మోయలేనిదాన్ని మట్టికి అప్పగించక ఏం చేస్తాడు? కనుక ప్రభువు జనానికి తెలిసిన కథనే ఎత్తుకున్నాడు. కాని ఆయన వేలు పెట్టి చూపించింది ఆ మనిషి సంతోషాన్ని. దైవరాజ్యం కంటబడితే ఉన్నదంతా వదులుకోవడం కూడా ఆనందమే అవుతుందని ఆ ఉపమానం భావం. ఆ బేరానికి ఆయన యోగ్యతాపత్రం ఇవ్వలేదు. లూకా సువార్త 16వ అధ్యాయంలో మోసకారి గృహనిర్వాహకుని కథ ఉంది. అది విని మనం దొంగలెక్కలు రాయడం నేర్చుకోము గదా!

దొరికిన వస్తువు సంగతి నేరుగా చెప్పే చోటు ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం. పొరుగువాని ఎద్దుగాని, గొర్రెగాని, వస్త్రంగాని తప్పిపోయి కనబడితే చూడనట్లు పోరాదు. యజమాని వెతుక్కుంటూ వచ్చేదాకా ఇంట ఉంచి, అతనికి అప్పగించాలి. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం 2409వ సంఖ్యలో, పోగొట్టుకున్నవారి వస్తువును తెలిసి తెలిసి అట్టిపెట్టుకోవడం ఏడవ ఆజ్ఞకు విరుద్ధమని బోధిస్తున్నది.

"యజమాని చచ్చి మూడు వందల ఏళ్లయింది, ఎవరికివ్వాలి?" అంటారా? న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు 1878 నాటి భారత నిక్షేపాల చట్టంలో ఉంది. నేలలో దాగిన వస్తువు పది రూపాయల విలువ మించితే, దొరికినవారు ఏమి దొరికింది, ఎక్కడ, ఏ తేదీన, విలువెంత అని కలెక్టరుకు రాసి తెలపాలి. (ఆ పది రూపాయలు 1878 నాటివి సుమా!) కలెక్టరు ప్రకటన ఇచ్చి, హక్కుదారులు రావడానికి కనీసం నాలుగు నెలల గడువిస్తారు. ఎవరి హక్కూ రుజువు కాకపోతే, నేల యజమానికీ దొరికినవారికీ వేరే ఒప్పందం లేనప్పుడు, నాలుగింట మూడు వంతులు దొరికినవారికి, ఒక వంతు నేల యజమానికి చెందుతాయి. ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. దాచిపెట్టినవారు తమ వాటా పోగొట్టుకోవడమే గాక ఏడాది వరకు జైలుకు పోవచ్చు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పెద్ద వాటా "దొరికినవారికి" అన్నది చట్టం, ఆసామికి అనలేదు. మన పెరట్లో గునపం పట్టింది ఎవరు? సాధారణంగా రోజుకూలీ. అతని చేతిలో వంద పెట్టి "నోరు మూసుకో" అన్న ఆసామి, ప్రభుత్వాన్ని మోసగించే ముందు పేదవానిని దోచినట్లే. ఆ సంగతి పాపసంకీర్తనంలో చెప్పుకోవలసినదే.

దాచిన ధనం ఇంటికి మేలు చేయదనడానికి యెహోషువ గ్రంథం 7వ అధ్యాయంలోని ఆకాను కథ చదవండి. యెరికో కొల్లసొమ్ము గుడారంలో పూడ్చిపెట్టింది అతనొక్కడే. హాయి పట్టణం దగ్గర ప్రాణాలు పోయింది ముప్పై ఆరుగురికి. మన ఊళ్లలోనూ లంకెబిందెల పుకారు పుట్టిందంటే అన్నదమ్ములు మాటలు మానుకోవడం, అంజనం వేసేవాడిని పిలవడం, నడిరాత్రి కోడిని కోయడం మొదలవుతాయి. ఆదివారం పూజలో దివ్యసత్ప్రసాదం తీసుకున్న చేతులు ఆ పని చేయకూడదు. అది మొదటి ఆజ్ఞను మీరడమే. పైగా ఆ మంత్రగాడు తవ్వేది మీ జేబునే.

కరిగిపోయిన బంగారం తిరిగి రాదు. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుండగా నాగలి ఇటుకలకు తగిలింది. తవ్వితే శిథిలమైన చిన్న గుడి, దాని కింద ఒక ముంత, అందులో రోమను చక్రవర్తుల బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్‌ల పేర్లున్నవి! పాపం ఆ రైతు పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా నాణేలు మూసలోకి పోయాయి. ఆర్కాటు నవాబు కుమారుడు ముప్పైకి పైగా కొనుక్కోబట్టి మనకీ కథ తెలిసింది. కోటిలింగాలలో అలా జరగలేదు. అక్కడ మట్టిలో దొరికిన చిన్న నాణేలను సంగనభట్ల నరహరి గారు ఓపికగా పోగుచేశారు, పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటి మీది అక్షరాలు చదివారు. శాతవాహనుల తొలి రాజు సిముకుని పేరు అలా తెలంగాణ మట్టిలోంచి బయటపడింది.

కనుక ఏదైనా తగిలితే పని ఆపించండి. నాణేలను చింతపండుతో, ఇటుకపొడితో తోమకండి, తోమితే అక్షరాలు పోతాయి. కుండను పగలగొట్టకండి. ఫోటో తీసి, ఎంత లోతులో ఉన్నదో రాసుకుని, గోనెపట్టా కప్పి, తహసీల్దారుకు కబురు చేయండి. నూరేళ్లు దాటిన శిల్పాలు, నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని దేశం దాటించి అమ్మడం నేరం. అన్యమతస్థుల విగ్రహమైనా, సమాధి అయినా గౌరవంగా చూడండి. ఎముకలు బయటపడితే పోలీసులకు చెప్పాలి, ఈలోగా పిల్లలను ఆడుకోనివ్వకండి. మృతులను భూస్థాపితం చేయడం కరుణ కార్యాల్లో ఒకటని జ్ఞానోపదేశంలో నేర్చుకున్నాం గదా.

ఇక మన కతోలిక ఇళ్లలో మాత్రమే ఎదురయ్యే సంగతి ఒకటుంది. గొయ్యిలో విరిగిన మరియమాత స్వరూపం ముక్కో, తుప్పుపట్టిన జపమాల సిలువో దొరికితే భయపడకండి. ఎవరో చేతబడి చేశారని ఊహించుకోకండి. ఆశీర్వదించిన వస్తువు పాడైతే చెత్తలో వేయక, కాల్చడమో భూమిలో పూడ్చడమో మన పెద్దల ఆచారం. మీకంటే ముందు ఆ ఇంట్లో ఉన్న తల్లి ఎవరో భక్తితో చేసిన పని అది. విచారణ గురువులకు ఒకసారి చూపించి, శుభ్రమైన చోట మళ్లీ పూడ్చండి. కొబ్బరి వేళ్లు అంతదూరం రాని మూల చూసుకోండి.